బురద దారిలో ట్రాక్షన్ కంట్రోల్: అది చేసే పని, డ్రైవరు చేయవలసిన పని

వానాకాలంలో విశాఖపట్నం నుంచి పాడేరు, అరకు, చింతపల్లి వైపు వెళ్లే వాహనాల్లో ఇప్పుడు చాలావాటికి, జారే చక్రాన్ని అదుపుచేసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంటోంది. తారు రోడ్డు మీద ఉన్నంతసేపూ అది ఉన్న సంగతే డ్రైవరుకు తెలియదు. ఘాట్ రోడ్డు వదిలి ఏదో ఒక గూడెం వైపు మట్టి దారిలోకి మళ్లి, గెడ్డ దాటిన తరువాత ఎదురయ్యే మొదటి రొంపిలో చక్రం ఖాళీగా తిరగడం మొదలైనప్పుడు మాత్రం డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణుకుమంటుంది, బండి అడుగు నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు బెదిరి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసేవారు కొందరు, కంగారుపడి కాలు నేలదాకా నొక్కేసేవారు కొందరు. ఈ రెండు పనులూ ఆ వ్యవస్థ అప్పుడే మొదలుపెట్టిన పనిని చెడగొడతాయి. లోపల ఏం జరుగుతోందో తెలిసినవారికి కాలు ఎక్కడ నిలపాలో ఎవరూ చెప్పనక్కరలేదు గనుక, ముందుగా దాని పనితీరును, ఆ తరువాత నడిపే పద్ధతిని వివరిస్తాను.

మొదటే గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ బలాన్ని పట్టు లేని చక్రం నుంచి పట్టు ఉన్న చక్రం వైపు మళ్లించగలదే తప్ప, నేలలో లేని పట్టును పుట్టించలేదు. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి సలహాకూ ఆధారం ఇదే.

చక్రం ఖాళీగా ఎందుకు తిరుగుతుంది

మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలుగా రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల పెట్టె ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ వేర్వేరు వేగాలను అనుమతిస్తుంది గానీ, తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, ఎప్పుడూ రెండువైపులా దాదాపు సమానంగానే ఇస్తుంది. ఎడ్లబండి కాడిని తలచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది: నొగకు మధ్యలో కట్టిన కాడికి ఒక వైపు ఎద్దు లాగకుండా వదిలేస్తే, రెండో ఎద్దు ఎంత బలమైనదైనా కాడి పక్కకు తిరిగిపోతుందే గాని బండి ముందుకు కదలదు. డిఫరెన్షియల్‌లోనూ పట్టు తక్కువ ఉన్న చక్రమే రెండో చక్రానికి అందే బలానికి హద్దు గీస్తుంది.

అంకెలతో చూద్దాం. ఎడమ చక్రం బురదలో ఉంది, అది జారకుండా 150 న్యూటన్ మీటర్ల టార్క్ మాత్రమే తట్టుకోగలదు. కుడి చక్రం గట్టి గులక నేల మీద ఉంది, అది 900 వరకు తట్టుకోగలదు. బండి కదలడానికి మొత్తం 700 కావాలనుకుందాం. మామూలు డిఫరెన్షియల్ కుడి చక్రానికి కూడా 150 మాత్రమే ఇస్తుంది గనుక మొత్తం 300 దగ్గర ఆగిపోతుంది. ఎడమ చక్రం గిరగిరా తిరుగుతుంది, కుడి చక్రం కదలకుండా నిలబడి ఉంటుంది. గట్టి నేల మీద ఒక చక్రం ఉండి కూడా బండి కదలకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ రంగంలోకి దిగి ఎడమ చక్రానికి మాత్రమే 500 న్యూటన్ మీటర్ల బ్రేకు వేసిందనుకోండి. ఎడమ వైపు నిరోధం 150కి బదులు 650 అయింది. డిఫరెన్షియల్ రెండువైపులా సమానంగానే ఇస్తుంది కాబట్టి కుడి చక్రానికి కూడా 650 అందుతుంది. బురద మీద 150, గులక మీద 650 కలిపి నేలకు 800 చేరింది. బండి కదులుతుంది.

అయితే దీనికి మూల్యం ఉంది. నేలకు చేరింది 800 అయినా, ఆ యాక్సిల్‌కు, అంటే రెండు చక్రాలున్న ఇరుసుకు, ఇంజన్ ఇవ్వవలసి వచ్చింది 1,300. మిగిలిన 500 బ్రేకులో వేడిగా మారిపోయింది. చక్రం సెకనుకు రెండు చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ వేడి 6 కిలోవాట్లకు పైగా ఉంటుంది. సెకనుకు ఐదు చుట్లు తిరిగితే 15 కిలోవాట్లు దాటుతుంది. చక్రాన్ని ఎంత వేగంగా తిప్పితే బ్రేకు అంత త్వరగా కాగిపోతుందన్నమాట. కాలు సగంలో తీసేస్తే బ్రేకును దాటి కుడి చక్రానికి చేరేంత బలం ఇంజన్ నుంచి రాదు. నేలదాకా నొక్కితే బ్రేకు కాగిపోతుంది.

జారుతున్నట్టు దానికెలా తెలుస్తుంది

ప్రతి చక్రం దగ్గరా దాని వేగాన్ని కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. ఇది బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం పెట్టినదే. బాష్ సంస్థ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కారులో వచ్చింది, అవే సెన్సర్ల ఆధారంగా 1986 ప్రాంతంలో ట్రాక్షన్ కంట్రోల్, 1995లో బండి పక్కకు జారకుండా చూసే ఈఎస్‌పీ వచ్చాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. కానీ ఏబీఎస్ ఉన్నంతమాత్రాన ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నట్టు కాదు. ఏబీఎస్ మనం నొక్కిన బ్రేకును సడలిస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ మనం బ్రేకు నొక్కకుండానే ఒక్క చక్రానికి ఒత్తిడి పంపాలి, అందుకు అదనపు వాల్వులు, ఆ ఒత్తిడిని పుట్టించగల పంపు కావాలి. బురదలో వినిపించే గరగర ఆ పంపుదీ, వాల్వులదీ. అది వినబడితే బండి పాడైందని కాదు, పనిచేస్తోందని అర్థం.

రెండు చక్రాల డ్రైవ్ ఉన్న కారులో, ఇంజన్ తిప్పని చక్రాల వేగమే బండి అసలు వేగం. వాటితో పోల్చి, ఏ చక్రం ఎంత ఎక్కువ తిరుగుతోందో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో అలాంటి స్వేచ్ఛా చక్రం లేదు, నాలుగూ ఇంజన్ తిప్పేవే. అందువల్ల త్వరణాన్ని కొలిచే సెన్సర్ సాయంతో అసలు వేగాన్ని అంచనా వేసుకోవలసి ఉంటుంది. నాలుగు చక్రాలూ ఒకే వేగంతో జారుతూ తిరిగితే ఈ అంచనా తప్పిపోయే అవకాశం ఉంది. అలాంటప్పుడు స్పీడోమీటర్ 20 చూపిస్తుంది, బండి మాత్రం ఉన్నచోటనే కూరుకుపోతూ ఉంటుంది. కాబట్టి లోతు బురదలో స్పీడోమీటర్‌ను నమ్మకుండా, పక్క కిటికీలోంచి దగ్గరలో ఉన్న చెట్టునో రాయినో చూసి బండి కదులుతోందా లేదా అని నిర్ధారించుకోవాలి.

మరో సంగతి: చక్రం జారిన తరువాతనే ఈ వ్యవస్థ స్పందిస్తుంది. జారడానికి ముందే ఆపే శక్తి దానికి లేదు. చక్రం కొంత తిరిగి, తేడా నమోదై, బ్రేకులో ఒత్తిడి పెరిగేలోపు ఒక చిన్న వ్యవధి గడుస్తుంది. ఆ వ్యవధిలో డ్రైవరు ఓపిక పట్టాలి. అందుకే డిఫరెన్షియల్ లాక్ ఉన్న బండికి బురదలో నిజమైన మేలు ఉంది. అది రెండు చక్రాలనూ యాంత్రికంగా ఒకటిగా కట్టేస్తుంది, జారేదాకా వేచి ఉండదు, బ్రేకును కాల్చదు. ఫోర్స్ గూర్ఖాలో ముందు, వెనక రెండు యాక్సిళ్లకూ ఇలాంటి లాకులు వస్తాయి. 2023లో మన దేశంలో వచ్చిన మారుతీ జిమ్నీ బ్రేకు ఆధారంగా పనిచేసే పద్ధతినే నమ్ముకుంది. 2020 నాటి మహీంద్రా థార్‌లో బ్రేకు పద్ధతి ఉంది, కొన్ని రకాల్లో వెనక యాక్సిల్‌కు యాంత్రిక లాకు కూడా ఉంది. డ్రైవరు చేతిలో మీట ఉన్న లాకు అయితే బురదలో దిగక ముందే వేసుకోవాలి, గట్టి నేల మీదికి రాగానే తీసేయాలి; లాకు పడి ఉండగా బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది.

తారు మీద మేలు చేసేదే బురదలో ఎందుకు అడ్డుపడుతుంది

ట్రాక్షన్ కంట్రోల్‌కు రెండు చేతులున్నాయి. ఒకటి పైన చెప్పిన బ్రేకు. రెండోది ఇంజన్ బలాన్ని తగ్గించడం. తడి తారు రోడ్డు మీద చక్రం జారితే ఇంజన్‌ను కాస్త నెమ్మదింపజేయడమే సరైన మందు, ఎందుకంటే తారు మీద టైరుకు అత్యధిక పట్టు సుమారు 10 నుంచి 20 శాతం జారుడు దగ్గర దొరుకుతుంది, అది దాటితే పట్టు పడిపోతుంది. మెత్తటి నేల లెక్క వేరు. అక్కడ టైరు కింది మట్టిని వెనక్కి తోసి, దాన్ని అదిమి, ఆ అదుము మీద కాలూని ముందుకు కదలాలి కాబట్టి అంతకంటే ఎక్కువ జారుడు దగ్గరే మంచి లాగుడు దొరుకుతుంది. పైగా టైరు పళ్ల మధ్య నిండిపోయిన బంకమట్టి ఎగిరిపోవాలంటే చక్రం కొంత వేగంగా తిరగాలి. పళ్లు మట్టితో మూసుకుపోయిన టైరు నున్నటి టైరుతో సమానం.

ఇంజన్ బలాన్ని తగ్గించే చేయి ఈ రెండు మేళ్లనూ అడ్డుకుంటుంది. మెత్తటి ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టినట్టు మందగిస్తుంది, బండి ఊపు పోతుంది, ఊపు పోయాక అక్కడే దిగబడుతుంది. అందువల్లనే తయారీదారులు ఒక బటన్ ఇచ్చారు. దాని మీద జారుతున్న కారు బొమ్మ, కింద వంకర గీతలు ఉంటాయి. చాలా వాహనాల్లో ఒకసారి కొద్దిగా నొక్కితే ఇంజన్‌ను తగ్గించే పని మాత్రమే ఆగుతుంది, బ్రేకుతో బలం మళ్లించే పని కొనసాగుతుంది. బండి ఆపి, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఈఎస్‌పీ కూడా ఆగుతుంది. కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో ‘ఫోర్ లో’కి, అంటే నాలుగు చక్రాలనూ తక్కువ వేగంతో ఎక్కువ బలంతో తిప్పే గేరుకు, మారగానే ఈఎస్‌పీ దానంతటదే ఆగి, బ్రేకు పద్ధతి మాత్రం నిలిచి ఉంటుంది. మీ బండిలో ఏది ఎలా ఉందో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఊళ్లో ఉండగానే ఆ పేజీ చదివి, ఖాళీ స్థలంలో బటన్ నొక్కి చూసుకోవాలి. చీకటి పడిన కొండ దారిలో చదవవలసిన పేజీ కాదది.

మరి ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఉంచాలి? లోతైన మెత్తటి బురదలో, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజన్‌ను తగ్గించే భాగాన్ని ఆపడం మంచిది. గట్టి నేల మీద పలుచగా జారుడు మట్టి ఉన్న దారిలో, పక్కకు వాలిన దారిలో, లోయ అంచున, దిగుడులో అన్నీ వేసే ఉంచాలి. అక్కడ బండి ఆగిపోవడం కంటే పక్కకు జారడమే పెద్ద ప్రమాదం. మడ్ మోడ్ ఉన్న బండి అయితే దాన్ని వేసుకుంటే చాలు, బటన్ జోలికి పోనవసరం చాలాసార్లు ఉండదు. ఆ మోడ్‌లో కంప్యూటర్ ఎక్కువ జారుడును అనుమతించి, బ్రేకును మాత్రం చురుగ్గా వాడుతుంది. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కారులో కూడా ఇప్పుడు మడ్ అని రాసిన మీట కనిపిస్తోంది. అది నిజంగానే కొంత సాయపడుతుంది, కాని బలాన్ని ముందున్న రెండు చక్రాల మధ్యనే మార్చగలదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలి ఆ ముందు చక్రాలే తేలికవుతాయి. ఆ మాట చూసి ఫోర్ వీల్ డ్రైవ్ వెళ్లే దారిలోకి దిగకూడదు.

దిగే ముందు

తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ రాయి చివికి ఎర్ర బంకమట్టిగా మారుతుంది. చినుకులు పడిన మొదటి గంటలో ఇది సబ్బు రాసినట్టు జారుతుంది, ఆపకుండా కురిస్తే మెత్తబడి చక్రాలను లోపలికి లాక్కుంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలోనే కాక, అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టినప్పుడు కూడా మన దారులు ఇలాగే ఉంటాయి. మైదానంలో అనకాపల్లి, చోడవరం వైపు పొలాల మధ్య దారుల్లో ఉండే బురద తరహా వేరు. అక్కడ అడుగున గట్టి పొర దొరకడమే కష్టం.

కాబట్టి దిగే ముందు బండి ఆపి, కర్ర పట్టుకుని నడిచి చూడాలి. ఈ పని సిగ్గుపడవలసినది కాదు, ఇంతకంటే మంచి పరికరం ఏ కంపెనీ అమ్మదు. కర్ర నాలుగు అంగుళాలు దిగి గట్టి నేలకు తగిలితే దాటవచ్చు. చక్రం మధ్య బిందువు ఎత్తుదాకా దిగుతూనే ఉంటే ఆ దారి వదిలేయాలి. కింద గట్టి నేల లేనప్పుడు నాలుగు చక్రాల్లో దేనికీ పట్టు లేదు, మళ్లించడానికి ఏమీ ఉండదు. పాత చక్రాల గాడి ఎంత లోతుగా ఉందో, బండి నడుమున ఉండే యాక్సిల్ పెట్టె మధ్య దిబ్బకు తగులుతుందో లేదో చూడాలి. బండి పొట్ట నేలకు ఆనితే చక్రాల మీద బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే పట్టు ఉండదు, ట్రాక్షన్ కంట్రోల్ చేసేదేమీ లేదు.

టైర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ట్రాక్షన్ కంట్రోల్ పంచిపెట్టే పట్టు మొత్తం టైరు నుంచే వస్తుంది. రోడ్డు టైర్లతో ఎంత ఖరీదైన ఎలక్ట్రానిక్స్ ఉన్నా ఎర్ర బంకమట్టిలో పళ్లు రెండు చుట్లలో మూసుకుపోతాయి. ఆల్ టెర్రైన్ టైర్లు మేలు, మడ్ టైర్లు ఇంకా మేలు, అయితే మడ్ టైర్లు తడి తారు మీద బ్రేకు దూరాన్ని పెంచుతాయి, చప్పుడూ చేస్తాయి. వారానికి ఆరు రోజులు నగరంలో తిరిగే బండికి ఆల్ టెర్రైన్ చాలని నా అభిప్రాయం. లోతు మెత్తటి నేలలో గాలి తగ్గిస్తే టైరు నేలను ఎక్కువ పొడవునా తాకుతుంది. మామూలుగా 32 పీఎస్‌ఐ ఉండే టైరును 20 నుంచి 22కు దించవచ్చు. 15 కంటే దించితే టైరు రిమ్ నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. గట్టి నేల మీద పలుచని బురద ఉంటే గాలి తగ్గించనక్కరలేదు, అక్కడ టైరు బురదను చీల్చుకుని కింది నేలను అందుకోవడమే కావాలి. తగ్గించినవారు దగ్గర పంపు ఉంచుకోవాలి. ఆ గాలితోనే ఘాట్ రోడ్డు దిగి జాతీయ రహదారి మీద వేగంగా వెళ్లడం ప్రాణాంతకం.

ఫోర్ లో ఉంటే బురద ముందే, బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి వేసుకోవాలి. దీనివల్ల చక్రాలకు చేరే బలం రెండు నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుంది. పైన లెక్కలో బ్రేకును దాటడానికి ఇంజన్ అదనంగా ఇవ్వవలసి వచ్చిన 500 గుర్తుంది కదా, ఆ బరువును ఇంజన్ అవలీలగా మోయాలంటే ఫోర్ లో కావాలి. తారు మీద మాత్రం పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌ను, అంటే అవసరమైనప్పుడే వేసుకునేదాన్ని, వేసి ఉంచకూడదు. ముందు, వెనక యాక్సిళ్లు మలుపుల్లో ఒకదానితో ఒకటి పెనుగులాడి గేరు పెట్టెకు దెబ్బ తగులుతుంది.

బురదలో

ఫోర్ లోలో రెండో గేరు చాలా సందర్భాల్లో సరిపోతుంది. మొదటి గేరులో చక్రం మరీ సులువుగా జారుతుంది. ఆటోమేటిక్ అయితే గేరును చేత్తో ఎంచుకునే పద్ధతిలో ఉంచాలి, లేకపోతే బురద మధ్యలో గేరు దానంతటదే మారి ఊపు తెగుతుంది. బురదకు ముందే కావలసిన వేగం అందుకుని, అదే వేగంతో లోపలికి వెళ్లాలి. ఆ వేగం పరుగెత్తే మనిషి వేగాన్ని మించనవసరం చాలా అరుదు.

లోపల ఉండగా కాలు కదలకుండా ఉండాలి. చక్రం జారింది, గరగర వినిపించింది, పసుపు దీపం మిణుకుమంది. కాలు అలాగే ఉంచండి. ఒకటి రెండు సెకన్లలో బ్రేకు పట్టి, రెండో వైపు చక్రానికి బలం చేరి, బండి చిన్న కుదుపుతో కదులుతుంది. ఏటవాలుగా ఒక ముందు చక్రం, దానికి ఎదురుమూలలో వెనక చక్రం పట్టు కోల్పోయినప్పుడు ఈ వ్యవస్థ విలువ బాగా తెలుస్తుంది. రెండు యాక్సిళ్లలోనూ ఒక్కో చక్రం ఖాళీగా తిరిగి బండి నిశ్చలంగా నిలబడిన స్థితి నుంచి, కాలు అలాగే నిలిపిన డ్రైవరు బయటికి రాగలుగుతాడు. కాలు మాటిమాటికీ ఎత్తి నొక్కేవారికి ప్రతిసారీ ఆ వ్యవస్థ కొత్తగా కొలవడం మొదలుపెట్టవలసి వస్తుంది.

క్లచ్‌ను సగం నొక్కి ఆడించకూడదు. బ్రేకు, యాక్సిలరేటర్ ఒకేసారి నొక్కి ఖాళీ చక్రాన్ని నిలిపే పాత పద్ధతి ఇప్పటి బండ్లలో పనికిరాదు. రెండూ కలిసి నొక్కితే చాలా వాహనాల్లో కంప్యూటర్ ఇంజన్‌ను తగ్గించేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ లేని పాత వెనక చక్రాల జీపులో, హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల మీదే పనిచేసేదైతే, దాన్ని రెండు మూడు పళ్లు లాగి ఉంచితే కొంతవరకు ఇలాంటి ఫలితమే దొరుకుతుంది.

స్టీరింగ్ సాధ్యమైనంత తిన్నగా ఉంచాలి. తిప్పి ఉన్న ముందు చక్రం మట్టిని పక్కకు తోస్తూ వెళ్లాలి గనుక అది బ్రేకులా అడ్డుపడుతుంది. గాడిలో వెళ్తున్నప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. చక్రాలు నిజానికి ఎటు తిరిగి ఉన్నాయో మరచిపోతే, గాడి ముగిసిన చోట పట్టు దొరకగానే బండి ఒక్కసారిగా అటు దూకుతుంది. మన్యం దారుల్లో ఆ వైపు లోయ ఉండవచ్చు. ఊపు తగ్గుతున్నట్టు అనిపిస్తే స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకూ కుడికీ ఆడించాలి. టైరు అంచుల పళ్లు గాడి గోడలను పట్టుకుని అదనపు పట్టు ఇస్తాయి.

చాలాసేపు ఇలా సాగితే ఒక హెచ్చరిక దీపం ఆరకుండా వెలిగి, ట్రాక్షన్ కంట్రోల్ తాత్కాలికంగా ఆగిపోవచ్చు. బ్రేకు కాగిందని కంప్యూటర్ లెక్కగట్టి తనను తాను కాపాడుకుంటోందని దాని అర్థం. గట్టి చోటు చూసుకుని ఆగి, పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. కాగిన డిస్కు మీద నీళ్లు పోయకూడదు, అది వంకరపోతుంది.

దిగుడులో

ఎక్కడం కంటే దిగడం ప్రమాదకరం. తడిసిన ఎర్ర మట్టి వాలులో బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుని బండి మంచు మీది స్లెడ్జి బండిలా జారుతుంది, ఏబీఎస్ దాన్ని వదిలించినా ఆగే దూరం పెరుగుతుంది. ఫోర్ లో మొదటి గేరులో ఇంజన్ పట్టు మీదనే దిగాలి, క్లచ్ ముట్టకూడదు. వాలులో బండి వేగాన్ని అదుపుచేసే హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంటే వాడండి. ట్రాక్షన్ కంట్రోల్ వాడే పంపు, వాల్వులు, సెన్సర్లే ఇక్కడ ఏ చక్రానికి ఎంత బ్రేకు కావాలో విడివిడిగా ఇస్తాయి, మనిషి పాదానికి అది సాధ్యం కాదు. వెనక భాగం పక్కకు జరగడం మొదలైతే, మనసు ఒప్పుకోకపోయినా, యాక్సిలరేటర్‌ను కొంచెం నొక్కాలి. చక్రాలు నేల వేగాన్ని అందుకోగానే స్టీరింగ్ మళ్లీ మాట వింటుంది.

దిగబడితే

చక్రాలు తిరుగుతున్నాయి, గరగర వస్తోంది, చెట్టు మాత్రం కిటికీలో ఉన్నచోటే ఉంది. నాలుగైదు సెకన్లు ఇలా ఉంటే కాలు తీసేయండి. ఇక్కడ పట్టుదల పనికిరాదు. ఇంకో పది సెకన్లలో యాక్సిల్ నేలకు ఆనుతుంది, అప్పుడు అరగంట పని నాలుగు గంటల పని అవుతుంది. ముందుగా రివర్స్ వేసి వచ్చిన గాడిలోనే వెనక్కి రావడానికి ప్రయత్నించాలి, ఆ గాడిని మీ టైర్లే కొంత గట్టిపరచి ఉంటాయి. కదలకపోతే దిగి, పారతో చక్రాల ముందు వాలు తవ్వి, పొట్ట కింది మట్టి తీసి, చక్రాల కింద రాళ్లు, ఎండు కొమ్మలు లేదా రికవరీ బోర్డులు (గరుకు పలకలు) పెట్టాలి. పచ్చని చెట్ల కొమ్మలు నరకవద్దు. కాఫీ తోటల నీడ చెట్లు ఒక కుటుంబానికి జీవనాధారం. బోర్డుల మీద ఎక్కేటప్పుడు కూడా నెమ్మదైన, నిలకడైన కాలే కావాలి. వేగంగా తిరిగే చక్రం బోర్డును వెనక నిలబడినవారి మీదికి విసురుతుంది.

దగ్గరి ఊరి నుంచి ట్రాక్టర్ సాయం దొరికితే, తాడును బండి ఛాసిస్‌కు బిగించిన రికవరీ కొక్కేనికే కట్టాలి. బంపర్‌కు గానీ, ట్రెయిలర్ తగిలించే బంతికి గానీ కట్టకూడదు, అవి ఊడి వచ్చి మనుషులను చంపగలవు. తాడు బిగిసే వరకు ట్రాక్టర్ మెల్లగా కదలాలి, చుట్టూ ఉన్నవారు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి. లాగుతుండగా మీరు కూడా గేరులో ఉంచి చక్రాలను నెమ్మదిగా తిప్పుతూ ఉంటే ట్రాక్టర్ మీద భారం తగ్గుతుంది. సాయం చేసినవారికి డీజిల్ ఖర్చు, కూలి అడగకముందే ఇవ్వడం మర్యాద. మీ చక్రాలు తవ్విన గుంతలను పూడ్చి కదలండి. అదే దారిలో మరునాడు పొద్దున బడికి పిల్లలు నడుస్తారు, డోలీలో రోగిని మోసుకుపోయేవారు నడుస్తారు.

సరదా కోసం బురద వెతుక్కునేవారికి ఒక విన్నపం: భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, కంబాలకొండ అభయారణ్యం. ఈ రెండు చోట్లా చక్రం దించవద్దు.

తిరిగి వచ్చాక

టైర్లలో తగ్గించిన గాలి నింపడం మొదటి పని. ఆ తరువాత నాలుగైదు సార్లు తేలికగా బ్రేకు నొక్కి, ప్యాడ్లలోని తడి, మట్టి పోగొట్టుకుని ఘాట్ దిగాలి. రహదారి మీద 60 దాటగానే స్టీరింగ్ వణికితే భయపడవద్దు, ఎక్కువగా అది రిమ్ లోపలి అంచున అంటుకున్న మట్టి వల్ల వచ్చే అసమతూకం. ఇంటికి చేరిన రోజునే రిమ్‌ల లోపలి వైపు, బ్రేకు కాలిపర్ల చుట్టూ, చక్రాల సెన్సర్ల దగ్గర, రేడియేటర్ ముందు భాగాన నీటితో కడగాలి. ప్రెషర్ పంపును సెన్సర్ తీగలకూ రబ్బరు తొడుగులకూ దగ్గరగా పెట్టకూడదు. విశాఖలో సముద్రపు గాలి ఉప్పు మోసుకొస్తుంది గనుక తడి మట్టిని బండి అడుగున వారాల తరబడి వదిలేస్తే తుప్పు మరింత వేగంగా పడుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్ ఎక్కువగా పనిచేసిన ప్రయాణం తరువాత బ్రేకు ప్యాడ్ల మందం తప్పక చూపించుకోవాలి. మీరు పెడల్ తాకకపోయినా ఆ రోజంతా అవి అరిగాయి. బురదలోని ఇసుక రేణువులు వాటిని మామూలు కంటే త్వరగా తింటాయి. కడిగిన తరువాత కూడా ఏబీఎస్ దీపం ఆరకపోతే, సెన్సర్ ముందు మట్టి గట్టిపడిందో, తీగ తెగిందో అయి ఉంటుంది. అది సరిచేయించేదాకా మళ్లీ కొండ ఎక్కవద్దు. ఆ ఒక్క సెన్సర్ పనిచేయకపోతే ట్రాక్షన్ కంట్రోల్‌తో పాటు ఏబీఎస్, ఈఎస్‌పీ, హిల్ డిసెంట్ కంట్రోల్ కూడా ఆగిపోతాయి, తడిసిన ఘాట్ మలుపులో మీకు మిగిలేది మామూలు బ్రేకు మాత్రమే.